రాబర్ట్ వైట్‌బ్రెక్ట్

రాబర్ట్ హైగ్ వైట్‌బ్రెక్ట్ (ఏప్రిల్ 11, 1920 - మే 30, 1983) అమెరికాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు మరియు హామ్ రేడియో నిపుణుడు. పుట్టుకతోనే బధిరుడైన ఇతడు, మామూలు టెలిఫోను తీగ మీదుగా రెండు టెలిప్రింటర్లు ఒకదానితో ఒకటి సంభాషించుకొనేందుకు వీలు కల్పించే మోడెంను 1964లో రూపొందించాడు. టెలిఫోను తీగకు ఎటువంటి విద్యుత్ సంబంధం లేకుండా, ఫోను చేతిపిడిని రబ్బరు గిన్నెలలో ఉంచి కేవలం ధ్వని ద్వారా సమాచారాన్ని పంపడం ఈ పరికరం ప్రత్యేకత. ఈ విధమైన పరికరానికి అకూస్టిక్ కప్లర్ అని పేరు. బధిరులు ఇతరుల సహాయం లేకుండా స్వయంగా టెలిఫోనును వాడుకోగలగడం ఈ ఆవిష్కరణతోనే మొదలైంది. తరువాతి కాలంలో కంప్యూటర్లను టెలిఫోను తీగలతో కలిపిన డయల్-అప్ మోడెంలకు కూడా ఇది ఒక ముఖ్యమైన తొలిమెట్టు.

నేపథ్యము

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందాడు. బెల్ వృత్తిరీత్యా బధిరుల ఉపాధ్యాయుడు. అతని తల్లికి వినికిడి చాలా తక్కువ, భార్య మేబెల్ చిన్ననాటనే వినికిడి కోల్పోయింది. ధ్వనిని విద్యుత్తుగా మార్చవచ్చుననే ఆలోచన వైపు అతడు మళ్ళడానికి బధిరుల విద్యలో అతనికి ఉన్న ఆసక్తి కూడా ఒక కారణం. అయితే ఆ పరిశోధనల నుండి పుట్టిన టెలిఫోను బధిరులకు ఏమాత్రమూ ఉపయోగపడలేదు సరికదా, వారిని సమాజంలో మరింత వెనుకకు నెట్టింది. టెలిఫోను రాకముందు అందరూ ఉత్తరాల ద్వారాను, తంతి ద్వారాను, స్వయంగా వెళ్ళి కలుసుకోవడం ద్వారాను పనులు జరుపుకొనేవారు. టెలిఫోను వ్యాపించాక ఉద్యోగాలు, వ్యాపారము, వైద్యుని పిలవడము, అగ్నిమాపక దళానికి కబురు పంపడము అన్నీ దానిపైనే ఆధారపడసాగాయి. బధిరులు ఈ పనులన్నింటికీ పొరుగువారిని గాని, తమ పిల్లలను గాని ఆశ్రయించవలసి వచ్చింది. తమ స్వవిషయాలు ఇతరుల నోట పలికించుకోవలసిన ఈ స్థితి దాదాపు 90 సంవత్సరాలు కొనసాగింది.

అక్షరాలను దూరప్రాంతాలకు పంపే టెలిప్రింటర్లు అప్పటికే లేకపోలేదు. మన దేశంలో కూడా తంతి కార్యాలయాలలోను, దినపత్రికల కార్యాలయాలలోను ఈ యంత్రాలు దశాబ్దాల పాటు పనిచేసాయి. కాని అవి ప్రత్యేకమైన తంతి మార్గాల మీద నడిచేవి. ఇళ్ళలో ఉండే మామూలు టెలిఫోను మార్గం మీద వాటిని నడిపేందుకు సామాన్యులకు అందుబాటులో ఉన్న సాధనమేదీ లేదు.

బాల్యము, విద్యాభ్యాసము

వైట్‌బ్రెక్ట్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో 1920 ఏప్రిల్ 11న జన్మించాడు. వినికిడి లేకపోయినా విజ్ఞాన శాస్త్రంలోను, ముఖ్యంగా ఖగోళ శాస్త్రంలోను, రేడియోలోను చిన్నతనం నుండే ఆసక్తి చూపాడు. మోర్స్ సంకేత లిపి నేర్చుకొని హామ్ రేడియో లైసెన్సు సంపాదించాడు. మోర్స్ లిపిలో ప్రతి అక్షరమూ పొట్టి, పొడుగు సంకేతాల కూర్పు మాత్రమే కనుక దానిని చెవితోనే గ్రహించాలన్న నియమమేమీ లేదు. కంపనాల స్పర్శతో గాని, వెలిగి ఆరే దీపంతో గాని కూడా గ్రహించవచ్చును. మాటలతో నడిచే టెలిఫోను ఇతనికి అందకపోయినా, సంకేతాలతో నడిచే రేడియో ఈ విధంగా అందింది.

ఇతడు 1942లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి ఖగోళ శాస్త్రంలో పట్టా పొందాడు. అనంతరం చాలా కాలానికి, 1957లో, షికాగో విశ్వవిద్యాలయం నుండి అదే శాస్త్రంలో మాస్టర్స్ పట్టా పొందాడు.

ఉద్యోగ జీవితము

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వైట్‌బ్రెక్ట్ బర్క్‌లీలోని రేడియేషన్ ప్రయోగశాలలో భౌతిక శాస్త్రవేత్తగా పనిచేసాడు. తరువాత కాలిఫోర్నియా తీరంలోని పాయింట్ మూగూ వద్ద ఉన్న అమెరికా నౌకాదళ క్షిపణి పరీక్షా కేంద్రంలో ఎలక్ట్రానిక్స్ శాస్త్రవేత్తగా ఉన్నాడు. 1950లలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని యెర్కీస్ వేధశాలలో పనిచేసాడు. అప్పట్లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఈ వేధశాల ప్రపంచంలోకెల్లా పెద్దదైన వక్రీభవన దూరదర్శినికి ప్రసిద్ధి పొందింది. బలహీనమైన నక్షత్ర కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చి కొలవడం అప్పటి ఖగోళ పరిశోధనలో ఒక ప్రధానమైన పని. పనికివచ్చే సంకేతాన్ని పనికిరాని రొద నుండి వేరుచేయడం ఈ పని అంతటికీ మూలం. మోడెం తయారీలోనూ సమస్య స్వరూపం ఇదే.

1950ల చివరిలో ఇతడు కాలిఫోర్నియాకు తిరిగివచ్చి, మెన్లో పార్క్‌లోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో చేరాడు. మోడెం రూపకల్పన నాటికి ఇతడు ఈ సంస్థకు చెందిన పరిశోధకుడే.

రేడియో టెలిటైపు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పాత టెలిప్రింటర్లు కొన్ని హామ్ రేడియో అభిమానుల చేతికి అందాయి. వారు వాటిని తమ రేడియోలకు కలిపి, ఆకాశ మార్గాన అక్షరాలను పంపుకోసాగారు. దీనిని రేడియో టెలిటైపు అంటారు. వైట్‌బ్రెక్ట్ 1950 ప్రాంతం నుండి ఈ విద్యలో కృషి చేసి, ఆ రంగంలో పేరున్న నిపుణులలో ఒకడయ్యాడు.

రేడియో టెలిటైపులో రెండు వేర్వేరు స్వరాలు వాడతారు. ఒక స్వరం ఒకటికి, మరొక స్వరం సున్నాకు గుర్తు. యంత్రంపై ఒక మీట నొక్కగానే ఆ అక్షరానికి నిర్ణయించిన ఒకట్లు, సున్నాల వరుస ఈ రెండు స్వరాల మార్పుగా బయటికి వెళుతుంది. ఇట్లు స్వరం యొక్క పౌనఃపున్యాన్ని మార్చి సమాచారాన్ని పంపే పద్ధతికి ఫ్రీక్వెన్సీ షిఫ్ట్ కీయింగ్ అని పేరు. రేడియోపై నడిచే ఈ పద్ధతినే టెలిఫోనుపై నడిపించడం వైట్‌బ్రెక్ట్ చేసిన పని.

మార్‌స్టర్స్, సాక్స్‌లతో పరిచయము

జేమ్స్ మార్‌స్టర్స్ (1924 - 2009) దక్షిణ కాలిఫోర్నియాలోని పాసడీనాలో దంత వైద్యుడు. పసితనంలోనే వినికిడి కోల్పోయిన ఇతడు పెదవుల కదలికను చూసి మాటలు గ్రహించేవాడు. సొంతంగా చిన్న విమానం నడిపేవాడు. వృత్తిలో స్థిరపడినా టెలిఫోను లేని లోటు ఇతనికి అడుగడుగునా ఎదురయ్యేది. వైట్‌బ్రెక్ట్ రేడియో ద్వారా టెలిప్రింటరుపై సంభాషిస్తున్న సంగతి తెలుసుకొని ఇతడు అతనిని కలిసాడు. రేడియోలో సాధ్యమైనది టెలిఫోనులో ఎందుకు సాధ్యం కాదని ఆలోచించి, ప్రయోగాల కోసం ఒక టెలిప్రింటరును వైట్‌బ్రెక్ట్‌కు పంపించాడు. రేడియో వాడాలంటే లైసెన్సు పరీక్ష నెగ్గాలి, సాంకేతిక విద్య తెలిసి ఉండాలి. టెలిఫోను అయితే ఇంటింటా ఉంది. మార్‌స్టర్స్ ఆలోచనలోని బలం ఇదే.

వీరితో చేరిన మూడవ వ్యక్తి ఆండ్రూ సాక్స్. ఇతడు కూడా బధిరుడే. ఎలక్ట్రికల్ ఇంజనీరు, న్యూయార్కులోని సాక్స్ వ్యాపార సంస్థ వ్యవస్థాపకుని మనుమడు. ముగ్గురిలో వైట్‌బ్రెక్ట్ రూపశిల్పి కాగా, మార్‌స్టర్స్ ప్రచారకర్తగాను, సాక్స్ వ్యాపార నిర్వాహకుడిగాను వ్యవహరించారు.

మోడెం రూపకల్పన

వైట్‌బ్రెక్ట్ ఎదుట రెండు రకాల అడ్డంకులు ఉన్నాయి. ఒకటి చట్టానికి సంబంధించినది, రెండవది సాంకేతికమైనది.

అప్పట్లో అమెరికాలో అధిక భాగం టెలిఫోను వ్యవస్థ ఏటీ అండ్ టీ అనే ఒకే సంస్థ ఆధీనంలో ఉండేది. తీగలే కాక, ఇళ్ళలోని ఫోనులు కూడా ఆ సంస్థవే. ఇతరులు తయారుచేసిన పరికరాలను తన తీగలకు కలపడాన్ని ఆ సంస్థ నిషేధించింది. ఏటీ అండ్ టీ స్వయంగా 1962లో బెల్ 103 అనే మోడెంను విడుదల చేసింది. అది సెకనుకు 300 బిట్ల వేగంతో పనిచేసేది. కాని అది కంప్యూటర్లు గల పెద్ద సంస్థల కోసం ఉద్దేశించినది.

ఈ నిషేధానికి వైట్‌బ్రెక్ట్ కనుగొన్న ఉపాయం తీగను తాకకపోవడమే. ఫోను చేతిపిడిని తీసి ఒక పెట్టెపై ఉన్న రెండు రబ్బరు గిన్నెలలో అమర్చాలి. మాట్లాడే కొస కింద చిన్న స్పీకరు, వినే కొస కింద మైక్రోఫోను ఉంటాయి. టెలిప్రింటరు నుండి వచ్చే విద్యుత్ స్పందనలను పెట్టె స్వరాలుగా మార్చి ఫోనుకు వినిపిస్తుంది. అవతలి నుండి వచ్చే స్వరాలను విని, తిరిగి విద్యుత్ స్పందనలుగా మార్చి టెలిప్రింటరుకు అందిస్తుంది. అంటే మనిషి నోరు, చెవి చేసే పనిని పెట్టె చేస్తుంది. టెలిఫోను వ్యవస్థ దృష్టిలో ఇది ఎవరో ఇద్దరు వ్యక్తులు ఫోనులో మాట్లాడుకుంటున్నట్లే ఉంటుంది.

ఇక సాంకేతికమైన అడ్డంకి ప్రతిధ్వని. టెలిఫోను మార్గంలో మనం పంపిన ధ్వనిలో కొంత భాగం మన చేతిపిడిలోనే వినిపిస్తుంది. మరికొంత దూరపు కొస నుండి పరావర్తనం చెంది ఆలస్యంగా తిరిగి వస్తుంది. మనుషుల సంభాషణకు ఇది ఆటంకం కాదు. యంత్రం మాత్రం తిరిగివచ్చిన తన స్వరాన్నే అవతలివారి అక్షరంగా భ్రమించి పిచ్చి అక్షరాలు అచ్చువేస్తుంది. పైగా దూరాన్ని బట్టి వచ్చే ధ్వని బలం మారుతూ ఉంటుంది. గదిలోని శబ్దాలు కూడా గిన్నెల్లోకి చొరబడతాయి.

వైట్‌బ్రెక్ట్ దీనికి చేసిన ఏర్పాటు క్లుప్తంగా ఇది. ఒకటికి 1400 హెర్ట్జ్, సున్నాకు 1800 హెర్ట్జ్ స్వరాలను వాడారు. ఇవి టెలిఫోను మోయగలిగే 300 నుండి 3400 హెర్ట్జ్ పరిధికి నడుమ భాగంలో ఉన్నాయి. రెండు వైపులా అవే స్వరాలు కనుక ఒక సమయంలో ఒకరు మాత్రమే పంపగలరు. మీట నొక్కినప్పుడు మాత్రమే స్వరం పుడుతుంది. టైపు చేయడం ఆపిన క్షణకాలంలోనే అది ఆగిపోయి, మార్గం అవతలివారికి ఖాళీ అవుతుంది. బెల్ 103లో వలె నాలుగు స్వరాలతో ఇరువైపులా ఏకకాలంలో పంపే ఏర్పాటు ఇందులో లేదు. దానివల్ల పరికరం సరళంగాను, చవకగాను తయారైంది. ఎవరు పిలిచారు, ఎవరు జవాబిచ్చారు అన్న తేడా కూడా యంత్రానికి అవసరం లేకపోయింది.

అక్షరాలకు టెలిప్రింటర్లు అప్పటికే వాడుతున్న 5 బిట్ల బాడో సంకేత లిపిని యథాతథంగా ఉంచారు. 5 బిట్లతో 32 కూర్పులు మాత్రమే సాధ్యం కనుక, అక్షరాలకు, అంకెలకు మధ్య మారేందుకు ప్రత్యేక మీటలు ఉంటాయి. వేగం సెకనుకు 45.45 బిట్లు, అనగా నిమిషానికి సుమారు 60 ఆంగ్ల పదాలు. ఇది బెల్ 103తో పోల్చితే చాలా తక్కువ వేగమే అయినా, మనిషి టైపు చేసే వేగానికి సరిపోతుంది.

1964లో ఉత్తర కాలిఫోర్నియాలోని వైట్‌బ్రెక్ట్, పాసడీనాలోని మార్‌స్టర్స్ మధ్య మొదటి దూరప్రాంత సంభాషణ జరిగింది. మొదట అచ్చయినవి అర్థం లేని అక్షరాల వరుసలు. సర్దుబాట్లు చేసిన తరువాత వాక్యాలు స్పష్టంగా అచ్చయ్యాయి. వినికిడి ఉన్న మూడవ మనిషి నడుమ లేకుండా ఇద్దరు బధిరులు టెలిఫోనులో సంభాషించుకున్నారు. ఈ పరికరంపై వైట్‌బ్రెక్ట్‌కు 1970లో అమెరికా పేటెంటు లభించింది.

ఆప్కామ్ సంస్థ

వైట్‌బ్రెక్ట్, మార్‌స్టర్స్, సాక్స్ కలిసి అప్లైడ్ కమ్యూనికేషన్స్ కార్పొరేషన్ అనే సంస్థను శాన్ ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతంలో నెలకొల్పారు. దీనిని క్లుప్తంగా ఆప్కామ్ అనేవారు. వీరి మొదటి పరికరం పేరు ఫోనెటైప్.

మోడెం ఒక్కటే ఉంటే చాలదు, దానికి టెలిప్రింటరు కావాలి. కొత్త టెలిప్రింటర్లు సామాన్యులు కొనలేనంత ఖరీదు. అందువల్ల రక్షణ శాఖ వదిలించుకున్న యంత్రాలను, పాత ఇనుప సామాను దుకాణాలలోని యంత్రాలను సేకరించి బాగుచేయసాగారు. ఏటీ అండ్ టీ అయితే వాడి వదిలేసిన టెలిప్రింటర్లు పోటీదారుల చేతిలో పడకుండా వాటిని తుక్కుగా మార్చేది. మార్‌స్టర్స్ తదితరులు ఎంతో కాలం సంప్రదింపులు జరిపిన మీదట, 1968లో ఆ సంస్థ తన వాడుకలో లేని యంత్రాలను బధిరులకు ఇచ్చేందుకు అంగీకరించింది. వాటిని పంపిణీ చేసేందుకు అదే సంవత్సరం ఇండియానాపోలిస్‌లో టెలిటైప్‌రైటర్స్ ఫర్ ది డెఫ్ అనే సంస్థ ఏర్పడింది. ఒక్కొక్క యంత్రాన్ని ఎత్తాలంటే ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. వాటిని ఇళ్ళకు చేర్చడము, నూనె వేసి మరమ్మతు చేయడము బధిర స్వచ్ఛంద కార్యకర్తలు, పదవీ విరమణ చేసిన టెలిఫోను ఉద్యోగులు ఉచితంగా చేసిపెట్టారు. ఫోను మోగినపుడు గుర్తించేందుకు గదిలో దీపం వెలిగి ఆరే ఏర్పాటు చేసేవారు. టెలిప్రింటరు, కప్లరు, టెలిఫోను మూడూ కలిసిన అమరికకు టీటీవై అనే పేరు స్థిరపడింది.

1968లోనే మరొక ముఖ్య పరిణామం జరిగింది. టెక్సస్‌కు చెందిన థామస్ కార్టర్ అనే చిన్న వ్యాపారి తయారుచేసిన కార్టర్‌ఫోన్ విషయంలో అమెరికా సమాచార ప్రసార సంఘం తీర్పునిస్తూ, వ్యవస్థకు హాని చేయని ఇతరుల పరికరాలను టెలిఫోనుకు కలపడాన్ని నిషేధించరాదని ప్రకటించింది. కార్టర్‌ఫోన్ కూడా చేతిపిడిని గూటిలో ఉంచి టెలిఫోనును రేడియోతో కలిపే పరికరమే. అయినప్పటికీ నేరుగా తీగకు కలపాలంటే ఏటీ అండ్ టీ నుండి ప్రత్యేక రక్షణ పరికరం అద్దెకు తీసుకోవలసి వచ్చేది. 1970ల రెండవ భాగంలో కొత్త నమోదు నియమాలు అమలయ్యే వరకు ఇదే పరిస్థితి. ఈ కారణం చేత అకూస్టిక్ కప్లర్లకు మరొక దశాబ్దం పాటు గిరాకీ నిలిచింది.

చిన్న సంస్థల మధ్య పోటీ

ఏటీ అండ్ టీ పట్టించుకోని ఈ చిన్న విపణిలో ఆప్కామ్ ఎంతో కాలం ఒంటరిగా లేదు. 1973లో ఎంసీఎం అనే పరికరం విడుదలైంది. దీనిని బధిరుడైన కిట్ కార్సన్, మైకేల్ కానన్ మరియు ఆర్ట్ ఒగావా రూపొందించారు. కానన్‌కు చెందిన మైకాన్ సంస్థ తయారు చేయగా, కార్సన్‌కు చెందిన సైలెంట్ కమ్యూనికేషన్స్ అమ్మకాలు చూసింది. అచ్చు యంత్రం బదులు వెలిగే అక్షరాల తెర, బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ వలయాలు, కప్లరు అన్నీ ఒకే చిన్న పెట్టెలో ఇమిడ్చారు. చేతపట్టుకొని తిరగగలిగిన మొదటి టీటీవై ఇదే. ధర 599 డాలర్లు. అది తక్కువేమీ కాకపోయినా, పాత టెలిప్రింటర్ల బరువు, చప్పుడు, నూనె మరకలతో విసిగిన బధిరులు దీనిని ఎంతగానో ఆదరించారు. తరువాత పసిఫిక్ బెల్ సంస్థ ఈ పరికరాలను మైకాన్ నుండి కొని తన చందాదారులకు నెలకు 30 డాలర్ల అద్దెపై ఇచ్చింది. 1970ల మధ్యకాలం నుండి ఇతర సంస్థలు కూడా ఇటువంటి పరికరాలతో రంగంలోకి దిగాయి. వీటిలో విస్కాన్సిన్‌కు చెందిన అల్ట్రాటెక్ తరువాతి కాలంలో ప్రముఖ తయారీదారుగా నిలిచింది.

ఈ పోటీలో గమనించదగిన విషయం ఒకటి ఉంది. ధరలోను, రూపంలోను, తెరలోను పోటీపడిన సంస్థలన్నీ వైట్‌బ్రెక్ట్ స్వరాలనే, బాడో లిపినే, అదే వేగాన్నే అనుసరించాయి. మైకాన్ ఇంజనీర్లకు కంప్యూటర్లు వాడే ఆస్కీ లిపి తెలియక కాదు. ఆ లిపిని వాడితే తమ పరికరం అప్పటికే ఇళ్ళలో ఉన్న పాత టీటీవైలతో మాట్లాడలేదు. టెలిఫోనుకు విలువ అవతల ఉన్నవారిని బట్టి ఉంటుంది. ఎవరితోనూ సంభాషించలేని కొత్త యంత్రాన్ని ఎంత వేగవంతమైనదైనా ఎవరూ కొనరు. ఈ కారణంగా ఒకరి పరికరం మరొకరి పరికరంతో పనిచేసింది. ఏ సంస్థ మూతపడినా దాని ఖాతాదారులు ఒంటరివారు కాలేదు.

అయితే ఇదే నిర్ణయం తరువాత సంకెలగా మారింది. 1970ల చివర వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చినపుడు అవి ఆస్కీ లిపిలో, బెల్ 103 స్వరాలతో మాట్లాడసాగాయి. టీటీవైలు వాటితో నేరుగా సంభాషించలేకపోయాయి. రెండు లిపులూ గల పరికరాలు వచ్చినా, కంప్యూటరు కొన్న బధిరునికి తన మిత్రుల టీటీవైలతో మాట్లాడడానికి వేరే మోడెం అవసరమయ్యేది. ఇతర దేశాలు మరికొన్ని ప్రమాణాలను ఎంచుకోవడంతో దేశాల మధ్య సంభాషణ కూడా కష్టమైంది. ఈ ప్రమాణాలన్నింటినీ గుర్తించగల వి.18 అనే ఉమ్మడి ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1990లలో ఆమోదించింది.

పోటీ సంస్థలు కలిసి పనిచేసిన సందర్భమూ ఉంది. మైకాన్, ఆప్కామ్ ప్రతినిధులు కలిసి కాలిఫోర్నియా ప్రజోపయోగ సేవల సంఘాన్ని ఆశ్రయించి, బధిరులకు టీటీవైలు ఉచితంగా ఇవ్వాలని వాదించారు. ఆండ్రూ సాక్స్ కుమార్తె ఆండ్రియా సాక్స్ ఈ ప్రయత్నంలో ఆప్కామ్ పక్షాన పాల్గొంది. 1979లో ఇందుకై కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. టెలిఫోను చందాదారులందరి బిల్లులపై స్వల్ప రుసుము విధించి ఈ ఖర్చును భరించారు.

కంప్యూటర్ మోడెంలపై ప్రభావము

వైట్‌బ్రెక్ట్ పరికరం చూపిన దారిలో, కంప్యూటర్ టెర్మినళ్ళకు సరిపోయే వేగవంతమైన కప్లర్లు వచ్చాయి. ఇతడు పనిచేసిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలోనే జాన్ వాన్ గీన్ 1966 ప్రాంతంలో ఇటువంటి కప్లరును అభివృద్ధి చేసాడు. 1968లో లివర్‌మోర్ డేటా సిస్టమ్స్ అనే సంస్థ కప్లర్లను విపణిలోకి తెచ్చింది. ఇంటి నుండి గాని, హోటలు గది నుండి గాని దూరాన ఉన్న కంప్యూటరును వాడుకోవడం వీటితో సాధ్యమైంది.

నేరుగా తీగకు కలిపే అవకాశం వచ్చాక మోడెం తయారీలో మరొక తరం చిన్న సంస్థలు పోటీపడ్డాయి. 1976లో షికాగో ప్రాంతంలో మొదలైన యూఎస్ రోబోటిక్స్ తొలుత అకూస్టిక్ కప్లర్లనే తయారుచేసింది. అట్లాంటాలో డెన్నిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ స్థాపించిన హేస్ సంస్థ 1981లో స్మార్ట్‌మోడెంను విడుదల చేసింది. కంప్యూటరే స్వయంగా నంబరు తిప్పి, జవాబిచ్చి, సంబంధం ముగించగలగడం దీని ప్రత్యేకత. దీని ఆదేశాల పద్ధతిని ఇతరులంతా అనుకరించడంతో అదే ప్రమాణంగా మారింది. ఇక్కడ కూడా పాత కథే పునరావృతమైంది. ఒకరి పద్ధతి అందరిదీ అయినపుడు వాడకందారులకు మేలు జరిగింది గాని, ఆ పద్ధతిని కనిపెట్టిన సంస్థకు అదొక్కటే రక్షణ కాలేదు. ధరల పోటీలో వెనుకబడిన హేస్ సంస్థ 1990ల చివరికి మూతపడింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించినపుడు, చందాదారులు ఇంటి ఫోను ద్వారా ఈ డయల్-అప్ మోడెంలతోనే దానిని అందుకున్నారు. సంబంధం కుదిరేటపుడు ఆ మోడెంల నుండి వినిపించిన కీచు స్వరాలు, టెలిఫోను తీగపై సమాచారాన్ని స్వరాలుగా పంపే ఆ పద్ధతికి గుర్తే.

మరణము

వైట్‌బ్రెక్ట్ తన పెంపుడు కుక్కతో నడకకు వెళ్ళినపుడు కారు ఢీకొనడంతో గాయపడి, 1983 మే 30న మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 63 సంవత్సరాలు.

వారసత్వము

ఇతని మరణానంతరం టీటీవై వినియోగం మరింత విస్తరించింది. అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, టీటీవై వాడేవారికి, మామూలు ఫోను వాడేవారికి మధ్య సంభాషణను చేరవేసే రిలే సేవలు 1993 నాటికి దేశమంతటా అందుబాటులోకి రావలసి వచ్చింది. దీనితో బధిరులు వినికిడి ఉన్నవారితో కూడా టెలిఫోనులో వ్యవహరించగలిగారు. అత్యవసర సేవల కేంద్రాలు టీటీవై పిలుపులకు నేరుగా జవాబివ్వడం కూడా తప్పనిసరి అయింది.

టీటీవై సంభాషణ తనదైన మర్యాదలను కూడా ఏర్పరచింది. ఒకసారి ఒకరే టైపు చేయాలి కనుక, తన వంతు ముగిసిందని తెలిపేందుకు జీఏ అనే రెండు అక్షరాలను, సంభాషణ ముగిసిందని తెలిపేందుకు ఎస్కే అనే అక్షరాలను వాడేవారు. తెరపై అక్షరాలతో సంభాషించడం లోకానికంతటికీ అలవాటు కావడానికి చాలా ముందే బధిర సమాజానికి అది నిత్యకృత్యంగా ఉండేది.

మొబైల్ ఫోను సందేశాలు, ఈమెయిలు, వీడియో సంభాషణలు వచ్చిన తరువాత టీటీవైల వాడుక తగ్గిపోయింది. 2016 డిసెంబరులో అమెరికా సమాచార ప్రసార సంఘం, ఇంటర్నెట్ ఆధారిత ఫోను వ్యవస్థలలో టీటీవైకి బదులు రియల్ టైమ్ టెక్స్ట్ అనే పద్ధతిని వాడేందుకు అనుమతించింది. ఈ కొత్త పద్ధతిలో కూడా టైపు చేసిన ప్రతి అక్షరమూ వెంటనే అవతలివారికి కనిపిస్తుంది. పాత టీటీవైలతో సంభాషించగలగాలన్న షరతును కూడా ఆ సంఘం అప్పట్లో విధించింది. వైట్‌బ్రెక్ట్ 1964లో నిర్ణయించిన స్వరాలు అర్ధ శతాబ్దం గడిచిన తరువాత కూడా లెక్కలోకి తీసుకోవలసినవిగా నిలిచాయి.

పంపిణీ కోసం 1968లో ఏర్పడిన సంస్థ తరువాత టీడీఐ అనే పేరుతో కొనసాగుతూ, టెలికమ్యూనికేషన్ విధానాల రంగంలో కృషి చేసినవారికి వైట్‌బ్రెక్ట్ పేరిట పురస్కారాన్ని నెలకొల్పింది.

ఇవి కూడా చూడండి

టెలిఫోను
మోడెం
టెలిప్రింటరు
అలెగ్జాండర్ గ్రాహం బెల్
హామ్ రేడియో
మోర్స్ కోడ్